నల్ల మూత కింద ఏముంది?

మీ పాత కారు పొద్దున్నే మొరాయించిందా? నిన్న సాయంత్రం దాకా బాగానే తిరిగిన బండి, ఇవాళ సెల్ఫ్ కొడుతుంటే గిరగిరా తిరుగుతుందే తప్ప అందుకోవడం లేదా? పక్కింటాయన వచ్చి ప్లగ్గులు మార్చమన్నాడా? బావమరిది ఫోనులో కాయిల్ పోయి ఉంటుందన్నాడా? షెడ్డు కుర్రాడు బానెట్ ఎత్తకుండానే కార్బొరేటర్ విప్పాలన్నాడా?

ముగ్గురి మాటా ఒక గంట పక్కన పెట్టండి. పర్సు కూడా జేబులోనే ఉండనివ్వండి. తప్పు ఎక్కడుందో మీ అంతట మీరే కనుక్కోగలరు. చివరికి మెకానిక్ దగ్గరికే వెళ్లాల్సి వచ్చినా "బండి ఆగిపోతోందండీ" అని కాకుండా "కాయిల్ దాకా కరెంటు బాగానే వస్తోంది, రోటర్ దగ్గర పోతోంది" అని చెబుతారు. ఆ ఒక్క మాటతో షెడ్డులో మీ బండికి జరిగే వైద్యమే మారిపోతుంది.

నేను అంబాసిడర్ పెట్రోలు బండిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. 1489 సీసీ ఇంజను, నాలుగు సిలిండర్లు, పాయింట్లున్న డిస్ట్రిబ్యూటర్. 2014లో ఉత్తర్‌పారాలో దాని తయారీ ఆగిపోయింది గానీ, తాతగారి గుర్తుగా మన ఊళ్లలో కొన్ని ఇళ్ల ముందు ఇప్పటికీ నిలబడే ఉంది. మీది ప్రీమియర్ పద్మిని అయినా, పాయింట్లున్న పాత మారుతి 800 అయినా పద్ధతి ఇదే. కొలతలు మారతాయి. మారుతికి సిలిండర్లు మూడే గనక వైర్ల వరస కూడా వేరు. ఆ అంకెలు మీ బండి పుస్తకంలో చూసుకోండి.

కరెంటు నడిచే దారి

సిద్ధాంతం జోలికి పోను. ఒక్క దారి మాత్రం గుర్తుంచుకోండి. బ్యాటరీ నుంచి తాళంచెవి స్విచ్చికి, అక్కణ్ణుంచి కాయిల్‌కి, కాయిల్ నుంచి సన్నటి వైరు మీద డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లకి, పాయింట్ల నుంచి ఎర్త్‌కి 12 వోల్టుల కరెంటు వెళుతుంది. పాయింట్లు విడిపడిన క్షణంలో కాయిల్‌లో వేల వోల్టులు పుడతాయి. అవి లావు వైరు మీద డిస్ట్రిబ్యూటర్ నల్ల మూత, అంటే క్యాప్, నడినెత్తికి వచ్చి, కింద తిరిగే రోటర్ మీదుగా ఒక్కొక్క ప్లగ్గుకీ పంపిణీ అవుతాయి.

అంటే డిస్ట్రిబ్యూటర్‌లో రెండు ఇళ్లున్నాయి. కింది ఇంట్లో పాయింట్లు, కండెన్సర్, సన్నవైర్లు. పై ఇంట్లో క్యాప్, రోటర్, లావు వైర్లు. మీరు వెతికే దొంగ ఏ ఇంట్లో ఉన్నాడన్నదే మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు రాకుండా ఒక్క సామానూ కొనకండి.

ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే నాలుగు సిలిండర్ల బండిలో ఆ చిన్న పాయింట్ల జత సెకనుకు వందసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. అంత చాకిరీ చేసే వస్తువు అరగడంలో వింతేముంది? అందుకే అప్పుడప్పుడూ మూత తీసి పలకరించాలి.

గోదావరి వంతెన మీద

మా నాన్నగారి అంబాసిడర్ ఒకసారి కొవ్వూరు నుంచి రాజమండ్రి వస్తూ వంతెన మధ్యలో ఆగిపోయింది. సన్నగా వాన. నేను ఇంటర్ చదువుతున్నాను, గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. అప్పటికి నెలరోజులుగా ఆ బండి నడుస్తూ నడుస్తూ ఒక్క లిప్తపాటు చచ్చిపోయి మళ్లీ అందుకునేది. ఆ నెలలో ఒక షెడ్డులో కాయిల్ మార్చారు. ఇంకో షెడ్డులో నాలుగు ప్లగ్గులూ మార్చి, పెట్రోలు పంపు విప్పి బిగించారు. ఇద్దరూ నిజాయితీగానే చేశారు. కానీ ఇద్దరూ ఊహించి చేశారు.

వెనక వస్తున్న టాక్సీ ఆపి ఒక పెద్దాయన దిగాడు. "బాబుగారూ, ముందు మూత తీసి చూద్దామండీ" అన్నాడు. క్యాప్ పక్కకు తప్పించి, అగ్గిపుల్లతో లోపలి సన్నవైరును అటూ ఇటూ కదిపాడు. వేలెడంత వైరు అది. పైన తొడుగు చెక్కుచెదరలేదు. లోపల రాగిపోగులు మాత్రం దాదాపు అన్నీ తెగిపోయి, ఒకటి రెండు ఆనీ ఆనకుండా ఉన్నాయి. ఇంజను వేగం పుంజుకున్నప్పుడల్లా పాయింట్లు కూర్చున్న ప్లేటు కొద్దిగా జరుగుతుంది. దాంతో వైరు లాగబడి కరెంటు తెగేది. ఆయన తన డిక్కీలోంచి చిన్న వైరుముక్క తీసి వేసి, పావుగంటలో మమ్మల్ని పంపించేశాడు. డబ్బు తీసుకోలేదు.

నెలరోజుల ఖర్చుకూ ఆ వైరుకూ పొంతన ఉందా? ఆ రోజు నుంచి నేను బండిలో ఏ వస్తువునైనా మార్చే ముందు దాన్ని అనుమానించడానికి కారణమేమిటని నన్ను నేను అడుగుతాను.

ముందు బండి చెప్పేది వినండి

పానా పట్టుకునే ముందు ఒక చిన్న నోటుపుస్తకం పట్టుకోండి. బండి ఎప్పుడు ఇబ్బంది పెడుతోంది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? వానలోనా, ఎండలోనా? చదునైన రోడ్డు మీదా, ఎత్తు ఎక్కేటప్పుడా? ఒక వారం రాస్తే సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

ఇంజను స్విచ్చి తీసేసినట్టు ఠక్కున ఆగిందనుకోండి, ఎక్కువసార్లు అది కరెంటు తప్పు. దగ్గుతూ, తూలుతూ, నీరసించి ఆగితే ముందు పెట్రోలు దారి చూడండి. రాత్రంతా వాన కురిసిన తెల్లవారి స్టార్టవ్వకుండా, ఎండ ఎక్కాక ఏమీ జరగనట్టు స్టార్టయితే క్యాప్ లోపల తేమ చేరింది. గంటసేపు బాగా నడిచి, వేడికి ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ నడిస్తే కండెన్సర్‌నో కాయిల్‌నో అనుమానించండి. (ఎండాకాలంలో పెట్రోలు పైపులో ఆవిరి పట్టినా ఇలాగే చేస్తుంది. అందుకే ఆగిన వెంటనే, చల్లారక ముందే, కరెంటు వస్తోందో లేదో చూడాలి.) ఒకే లయలో టక్, టక్ అని మిస్సింగ్ వస్తుంటే ఒక సిలిండర్ పని చేయడం లేదు. ఆ ప్లగ్గు, దాని వైరు, క్యాప్‌లో దాని పిన్ను చూడండి. పికప్ లేదు, ఇంజను వేడెక్కుతోంది, పెట్రోలు ఎక్కువ తాగుతోంది అంటే టైమింగ్ వెనకబడి ఉండొచ్చు. కార్బొరేటర్‌లోంచి తుపాకీ పేలినట్టు శబ్దం వస్తే ఎవరో ఈ మధ్య ప్లగ్గు వైర్లు తారుమారు చేశారేమో గుర్తు చేసుకోండి.

అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్లే రోజున బయటపడే తప్పులు ఊళ్లో బయటపడవు. ఇంజను మీద బరువు పడితే ప్లగ్గు దగ్గర స్పార్కుకు ఇంకా ఎక్కువ వోల్టులు కావాలి. నీరసంగా ఉన్న కండెన్సర్, సన్నగా చీలిన క్యాప్ అప్పుడే చేతులెత్తేస్తాయి. "ఇంట్లో బాగానే ఉందే" అని మీరు తికమకపడకుండా ఉండడానికి ఈ మాట చెబుతున్నాను.

చెయ్యి పెట్టే ముందు

బండి న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. వాచీ, ఉంగరాలు తీసెయ్యండి. కండువా, చున్నీ, చీరకొంగు ఏదైనా ఫ్యాను దగ్గరికి వేలాడకుండా బిగించండి. లావు వైర్లను రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తోనే పట్టుకోండి, ఆ షాక్ గట్టిగా కొడుతుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పరీక్షలకు దూరంగా ఉండాలి, ఇంకొకరి చేత చేయించండి. చుట్టుపక్కల పెట్రోలు కారిన తడి, వాసన ఉంటే ముందు దాని సంగతి చూడండి. ఇంజను ఆగి ఉండగా తాళంచెవి ఆన్‌లో చాలాసేపు వదిలేయకండి. పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ వేడెక్కి పాడవుతుంది.

నడిమి పరీక్ష: దొంగ ఏ ఇంట్లో ఉన్నాడు?

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

కాయిల్ నుంచి క్యాప్ నడినెత్తికి వచ్చే లావు వైరును క్యాప్ దగ్గర ఊడదీయండి. దాని కొసను ఇంజను మీద రంగు లేని ఇనుప భాగానికి పెన్సిలు మందం దూరంలో, రబ్బరు పిడి ప్లేయర్‌తో పట్టుకోండి. ఇంట్లోవాళ్లను సెల్ఫ్ కొట్టమనండి. ఏం కనిపించింది?

నీలంగా, లావుగా, చిటపటమని స్పార్క్ దూకిందా? కింది ఇల్లు క్షేమం. కాయిల్, పాయింట్లు, కండెన్సర్ పని చేస్తున్నాయి. క్యాప్, రోటర్, ప్లగ్గు వైర్లు, ప్లగ్గులు చూడండి. అసలు స్పార్కే రాలేదా? పై ఇంటి జోలికి పోకండి, కింద వెతకండి. పసుపుగా, ఎర్రగా, సన్నటి దారంలా వచ్చిందా? అదీ కింది ఇంటి జబ్బే. పాయింట్లు కాలి ఉండొచ్చు, కండెన్సర్ బలహీనపడి ఉండొచ్చు, కాయిల్ కూడా కావచ్చు.

చూశారా, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోయింది. వైరును మరీ దూరంగా మాత్రం పట్టుకోకండి. వోల్టేజీకి దూకే దారి లేకపోతే కాయిల్ లోపలే దెబ్బతినొచ్చు.

పై ఇంట్లో వెతుకులాట

1. క్యాప్‌ను ఎండ వెలుగులో చూడండి. షెడ్డు చీకట్లో సన్నచీలిక కనబడదు. రెండు క్లిప్పులు తప్పించి, వైర్లు ఊడదీయకుండానే క్యాప్‌ను తిప్పి లోపల చూడండి. ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకు పెన్సిలుతో గీసినట్టు నల్లగీత ఉందా? అది కరెంటు వేసుకున్న దొంగదారి. గోకితే కొన్నాళ్లు ఆగినట్టుంటుంది, మళ్లీ వస్తుంది. క్యాప్ మార్చాల్సిందే. తేమ మాత్రమే ఉంటే పొడి నూలుగుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టండి. పెట్రోలుతో తుడవకండి. ఆ ఆవిరి మూత కింద చిక్కుకుంటే లోపలి స్పార్కుకు అది అంటుకుంటుంది.

2. నడుమ ఉన్న బొగ్గుముక్కను వేలితో నొక్కండి. దాని వెనక స్ప్రింగుంటుంది. నొక్కితే లోపలికి వెళ్లి తిరిగి రావాలి. ఇరుక్కున్నా, అరిగి మాయమైనా రోటర్‌కు కరెంటు సరిగ్గా అందదు. చాలామంది క్యాప్ అంతా చూసి దీన్ని మాత్రం మర్చిపోతారు.

3. రోటర్‌ను కంటితో నమ్మకండి. పైకి కొత్తదానిలా మెరుస్తూ లోపల చిల్లుపడి ఉండొచ్చు. అప్పుడు కరెంటు ప్లగ్గులకు వెళ్లకుండా రోటర్ ఒంట్లోంచి కింది ఇనుప కడ్డీలోకి దిగి ఎర్త్ అయిపోతుంది. క్యాప్ తీసేసి రోటర్‌ను దాని చోటులోనే ఉంచండి. కాయిల్ లావువైరు కొసను రోటర్ నెత్తి మీది ఇత్తడి పట్టీకి రెండు మూడు మిల్లీమీటర్ల పైన పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. స్పార్క్ పదేపదే దూకిందా? రోటర్ చిల్లుపడింది, మార్చండి. మంచి రోటర్ అయితే కరెంటుకు పోయే దారి ఉండదు, స్పార్క్ దూకదు. మహా అయితే మొదట ఒకసారి సన్నగా మెరవొచ్చు.

4. ప్లగ్గు వైర్లను చీకట్లో చూడండి. రాత్రిపూట బానెట్ ఎత్తి, లైట్లు ఆర్పి, ఇంజను నడుస్తుండగా చూస్తే లీకయ్యే వైరు మీద నీలపు మెరుపులు కనిపిస్తాయి. వాన రాత్రయితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. చేతులు మాత్రం వెనక్కి పెట్టుకోండి, ఫ్యాను తిరుగుతోంది.

కింది ఇంట్లో వెతుకులాట

ఇక్కడ మీకు టెస్ట్ ల్యాంప్ కావాలి. 12 వోల్టుల బల్బు, హోల్డరు, రెండు వైర్లు, చివర క్లిప్పులు ఉంటే ఇంట్లోనే తయారవుతుంది. మల్టీమీటరు ఉన్నవాళ్లు కూడా దీన్ని దగ్గరుంచుకోండి. ఎండలో, వంగుని, ఒంటరిగా పని చేసేటప్పుడు అంకెలు చదవడం కన్నా దీపం చూడడం తేలిక.

5. ముందు కాయిల్‌కి కరెంటు వస్తోందా? తాళంచెవి ఆన్ చేసి, దీపం ఒక కొస ఎర్త్‌కి, రెండోది కాయిల్‌మీద స్విచ్చి వైపు వైరు బిగించిన చోట పెట్టండి. వెలగకపోతే తప్పు స్విచ్చిలోనో, మధ్య వైర్లలోనో ఉంది. డిస్ట్రిబ్యూటర్‌ది తప్పే కాదు.

6. తర్వాత కాయిల్‌కి రెండోవైపు, డిస్ట్రిబ్యూటర్‌కి సన్నవైరు వెళ్లే చోట దీపం పెట్టండి. ఇంజనును చేత్తో మెల్లగా తిప్పండి. పాత అంబాసిడర్‌కు హ్యాండిల్ ఉంటుంది. లేకపోతే తాళం ఆన్‌లోనే ఉంచి, టాప్ గేరులో వేసి, చదునైన చోట బండిని కొద్దికొద్దిగా తోయండి. ఒకరు లోపల బ్రేకు దగ్గర కూర్చోవాలి. పాయింట్లు తెరుచుకున్నప్పుడు దీపం వెలగాలి, మూసుకున్నప్పుడు ఆరాలి.

ఎంతకీ ఆరడం లేదా? పాయింట్లు మూసుకోవడం లేదు, లేదా వాటి మీద నూనో మసో పట్టింది, లేదా లోపలి సన్నవైరు తెగింది, లేదా ప్లేటుకు ఎర్త్ అందడం లేదు. ప్లేటును డిస్ట్రిబ్యూటర్ ఒంటికి కలిపే ఇంకో చిన్న ఎర్త్ వైరుంటుంది. దాన్నీ అగ్గిపుల్లతో కదిపి చూడండి.

ఎంతకీ వెలగడం లేదా? డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్నవైరును కాయిల్ దగ్గర ఊడదీసి మళ్లీ చూడండి. ఇప్పుడు వెలిగితే డిస్ట్రిబ్యూటర్ లోపలెక్కడో కరెంటు ఎర్త్ అయిపోతోంది. ఇప్పుడూ వెలగకపోతే కాయిల్ లోపలే తెగింది.

కొత్త పాయింట్లు వేసిన మర్నాడే ఈ "వెలగని దీపం" ఎదురైతే ఒక్క చోటే చూడండి. పాయింట్ల స్ప్రింగు బిగించే మేకు దగ్గర ఫైబరు వాషర్లుంటాయి. లోపలి సన్నవైరు, కండెన్సర్ వైరు, రెండింటి కొసలూ స్ప్రింగునే తాకాలి, ప్లేటుకు గానీ మేకుకు గానీ తగలకూడదు. వాషరు ఒక్కటి వరస తప్పితే బండి కదలదు. అనుభవమున్న చేతులు కూడా ఇక్కడ తప్పు చేస్తాయి. విప్పే ముందు సెల్‌ఫోనుతో ఒక ఫోటో తీసుకుంటే ఈ చిక్కే ఉండదు.

7. పాయింట్ల గ్యాప్ కొలవండి. పాయింట్లకున్న ఫైబరు మడమ రోటర్ కడ్డీ మీది క్యామ్ కొన మీదకు ఎక్కినప్పుడు, అంటే పాయింట్లు పూర్తిగా విడిపోయినప్పుడు, మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. పాత మెకానిక్కుల లెక్కలో 14 నుంచి 16 థౌ. ఫీలర్ గేజ్ రేకును ముందు గుడ్డతో శుభ్రంగా తుడవండి, దాని మీది నూనె పాయింట్లకు అంటితే మీరే కొత్త జబ్బు తెచ్చినట్టు. రేకు కాస్త రాసుకుంటూ జారాలి, ఇరుక్కోకూడదు. రోడ్డు మీద గేజ్ లేకపోతే కొంచెం మందమైన విజిటింగ్ కార్డు మిమ్మల్ని ఇంటికి చేరుస్తుంది, ఇంటికొచ్చాక సరిగ్గా కొలవండి.

పాయింట్ల మీద ఒక వైపు గుంట, ఇంకోవైపు బొడిపె వచ్చిందా? సన్నటి ఉప్పుకాగితంతో రుద్దితే అత్యవసరానికి నడుస్తుంది. అలాంటి పాయింట్ల మీద ఫీలర్ గేజ్ చెప్పే కొలత నిజం కాదు, ఎందుకంటే రేకు బొడిపె మీద ఆగుతుంది. వీలైనంత త్వరగా మార్చండి. కొత్తవాటి మీద తుప్పు పట్టకుండా పూసిన పొర ఉంటుంది, తుడిచి వేయండి. క్యామ్ మీద పెసరగింజంత గ్రీజు రాయండి. అది లేకపోతే ఫైబరు మడమ తొందరగా అరిగి, గ్యాప్ మూసుకుపోయి, టైమింగ్ వెనకబడుతుంది. మూడు నెలలకోసారి "పికప్ పోయింది" అని వచ్చే బండ్లలో నేను మొదట చూసేది ఆ గ్రీజునే.

8. కండెన్సర్‌ను దాని పని చూసి గుర్తుపట్టండి. బొటనవేలి గోరంత డబ్బీ అది. పాయింట్లు విడిపోయేటప్పుడు అక్కడ మంట పుట్టకుండా కాపాడుతుంది. క్యాప్ తీసి, స్విచ్చి ఆన్ చేసి, స్క్రూడ్రైవర్‌తో పాయింట్లను విడదీస్తే లావుగా, తెల్లగా స్పార్క్ వస్తోందా? పాయింట్లు నల్లగా, నీలంగా కాలిపోయాయా? మంచిదని తెలిసిన ఇంకో కండెన్సర్ వేసి చూడండి. దీన్ని పరీక్షించడానికి ఇంతకన్నా నమ్మకమైన దారి ఇంట్లో లేదు. ఒక మాట చెప్పాలి. కొత్తదన్న మాత్రాన కండెన్సర్ మంచిదని అనుకోకండి. పెట్టెలోంచి తీసిన రోజే పని చేయనివి నా చేతికి వచ్చాయి. అందుకే బాగా నడుస్తున్న పాతదాన్ని పారేయకుండా డిక్కీలో దాచుకోండి. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో పాత బండ్ల సామాను అమ్మే దుకాణానికి వెళితే మీ పాతముక్కను చేతిలో పట్టుకుని వెళ్లండి. మోడల్ పేరు చెప్పి తెచ్చుకున్నవి తేడా వస్తాయి, ముక్క పక్కన ముక్క పెట్టి చూసుకున్నవి రావు.

9. రోటర్‌ను పక్కకు ఊపి చూడండి. లోపలి కడ్డీ అటూ ఇటూ కదులుతోందా? బుష్ అరిగింది. గ్యాప్ ఎన్నిసార్లు సెట్ చేసినా ఒక సిలిండర్‌కు ఒకలా, ఇంకోదానికి ఇంకోలా ఉంటుంది. దీనికి లేత్ మెషిన్ ఉన్న షెడ్డే దారి. "ఎలక్ట్రానిక్ కిట్ వేయించండి, పాయింట్ల గోల ఉండదు" అంటారు. కిట్ తప్పేమీ కాదు. కడ్డీ ఊగుతూ ఉండగా వేయిస్తే మాత్రం డబ్బు పోసి జబ్బును కప్పిపెట్టినట్టే. ముందు బుష్, తర్వాత కిట్.

ఇప్పుడు రోటర్‌ను అది తిరిగే దిక్కులోనే కొద్దిగా తిప్పి వదలండి. స్ప్రింగు లాగినట్టు వెనక్కి రావాలి. రాకపోతే లోపలి బరువులు తుప్పు పట్టి ఇరుక్కున్నాయి, వేగం పెరిగినా టైమింగ్ ముందుకు జరగదు. రోటర్ తీసి, కడ్డీ తల మీద రెండు చుక్కల నూనె వేయండి. రెండే చుక్కలు. ఎక్కువైతే అది పాయింట్ల మీదకు చిమ్ముతుంది.

10. వాక్యూమ్ పైపును నోటితో పీల్చండి. కార్బొరేటర్ వైపు కొస ఊడదీసి, తుడిచి పీలిస్తే లోపలి ప్లేటు కదలాలి. కొసను నాలుకతో మూస్తే అది అక్కడే నిలవాలి. వెంటనే వెనక్కి వచ్చేస్తే లోపలి పొర చిరిగింది. బండి ఆగదు గానీ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ప్లేటు కదులుతున్నప్పుడు దీపం మినుకుమంటోందేమో కూడా చూడండి. వంతెన మీద మాకు దొరికిన తప్పు అలాగే పట్టుబడుతుంది.

మామూలుగా జరిగే పొరపాట్లు

ఒక ఆదివారం ఒకాయన ఉత్సాహంగా బండి కడిగి, ప్లగ్గు వైర్లన్నీ ఊడదీసి, నిగనిగలాడేలా తుడిచి, తిరిగి పెట్టాడనుకోండి. ఇంజను పేలుతోంది, వణుకుతోంది. ఏమైంది? అంబాసిడర్‌లో రోటర్ గడియారానికి ఎదురు దిక్కులో తిరుగుతుంది, వరస 1-3-4-2. ఆయన గడియారం దిక్కులో పెట్టాడు. ఎప్పుడూ ఒక్కో వైరే తీసి, తుడిచి, పెట్టాకే రెండోది ముట్టుకోండి. లేదా రంగు దారాలు కట్టండి.

రెండో పొరపాటు, ఒకేసారి నాలుగైదు వస్తువులు మార్చడం. బండి బాగుపడినా ఏది జబ్బో తెలియదు. కొత్తవాటిలో ఒకటి చెడ్డదైతే పాత జబ్బు పోయి కొత్త జబ్బు వస్తుంది. ఒకటి మార్చండి, నడపండి, చూడండి, రాయండి.

మూడోది, టైమింగ్ పెట్టుకున్నాక గ్యాప్ సరిచేయడం. గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది. వరస ఎప్పుడూ గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత.

నాలుగోది అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది. గుర్తు పెట్టుకోకుండా డిస్ట్రిబ్యూటర్‌ను పెకలించడం. నిజంగా తీయాల్సి వస్తే రోటర్ ఎటు చూస్తోందో, డిస్ట్రిబ్యూటర్ ఒళ్లు ఇంజనుకు ఏ కోణంలో ఉందో పెయింటుతో గీత పెట్టండి, ఫోటో తీయండి. బయట ఉన్నంతసేపూ ఇంజను తిప్పకండి. అంబాసిడర్‌లో కింది మొన సరిగ్గా నడిమికి కాకుండా కాస్త పక్కకు ఉంటుంది గనక ఒకే విధంగా కూర్చుంటుంది. అన్ని బండ్లలో ఆ సౌకర్యం లేదు. పళ్లచక్రం ఉన్నవాటిలో దించేటప్పుడు రోటర్ కొద్దిగా తిరుగుతుంది, ఆ తిరుగుడు లెక్క వేసుకుని దించాలి.

ఇక తిరిగి టైమింగ్ పెట్టే సంగతి. ఇంజను రెండు చుట్లు తిరిగితే రోటర్ ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి పుల్లీ మీది గుర్తు కలిసినంత మాత్రాన ఒకటో సిలిండర్ పేలే సమయమని అర్థం కాదు. ఒకటో ప్లగ్గు తీసి, రంధ్రం మీద బొటనవేలు పెట్టి, ఇంజను మెల్లగా తిప్పించండి. గాలి వేలిని తోసే చుట్టులో గుర్తు కలపండి. అప్పుడు డిస్ట్రిబ్యూటర్ బిగింపు వదులు చేసి, కాయిల్ దగ్గర దీపం పెట్టి, ఒంటిని ముందు రోటర్ తిరిగే దిక్కులో దీపం ఆరేదాకా తిప్పండి. తర్వాత ఎదురు దిక్కులో మెల్లగా తిప్పుతూ, దీపం వెలిగిన క్షణంలో ఆపి బిగించండి. ఎన్ని డిగ్రీల దగ్గర పెట్టాలో మీ బండి పుస్తకం చెబుతుంది.

ఇప్పుడు రోడ్డు మీదకు తీసుకెళ్లండి. ఇంజను పూర్తిగా వేడెక్కాక టాప్ గేరులో చిన్న ఎత్తు ఎక్కించండి. గులకరాళ్లు డబ్బాలో ఆడించినట్టు శబ్దం ఆగకుండా వస్తే టైమింగ్ ముందుకు ఎక్కువైంది, కొద్దిగా వెనక్కి జరపండి. శబ్దం లేకున్నా బండి బరువుగా, మందంగా లాగుతుంటే కాస్త ముందుకు. ప్రతిసారీ వెంట్రుకవాసి జరపండి చాలు.

డిక్కీలో ఒక గుడ్డ సంచి ఉంచుకోండి. పాయింట్ల జత, కండెన్సర్, రోటర్, వేలెడు సన్నవైరు, ఫీలర్ గేజ్, టెస్ట్ ల్యాంప్, చిన్న స్క్రూడ్రైవర్, పొడి నూలుగుడ్డ. వానాకాలంలో గుడ్డ రెండు పెట్టండి.

పాయింట్లు కొత్తవి వేశారా? నోటుపుస్తకంలో తేదీ, మీటరు అంకె, పెట్టిన గ్యాప్ రాయండి. ఫైబరు మడమ మొదట్లో కాస్త అరిగి సర్దుకుంటుంది. 500 కిలోమీటర్లు తిరిగాక ఒక ఆదివారం పొద్దున, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, రెండు క్లిప్పులూ తప్పించి మళ్లీ ఒకసారి గ్యాప్ కొలవండి.